మూడు తీగల సాక్ష్యము

గత సంవత్సరము జూలై మాసములో ఒకనాటి మధ్యాహ్నము మన కళాశాల కార్యాలయమునకు ఒక పూర్వ విద్యార్థిని వచ్చినారు. 1990లో ఇచ్చట ఇంటర్మీడియెటులో చేరినవారు. ఇప్పుడు ప్రభుత్వోద్యోగమున ఉన్నారు. ఆమె సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ ఒక సంవత్సరము తప్పుగా పడినదట. దానిని సరిచేయించుకొనుటకు, కళాశాలలో చేరిననాడు వ్రాయించిన తేదీతో కూడిన స్టడీ సర్టిఫికెటు కావలెనని అడిగినారు. గుమాస్తాగారు బదులు చెప్పక బీరువా తెరచి చూపినారు. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతములను ముంచెత్తిన వానలకు క్రింది అరలోనికి నీరు చేరి, 1988 నుండి 1992 వరకు గల అడ్మిషను రిజిస్టర్ల పుటలు ఒకదానికొకటి అంటుకొని ఇటుకవలె గట్టిపడి యున్నవి.

“కంప్యూటరులో ఎక్కించినారు కదా సార్! మేము చదువుకొనేటప్పుడు కిటికీలోనుంచి చూసేవాళ్ళము,” అని ఆమె అన్నారు.

ఆ మాట నిజమే. మన కళాశాలకు మొట్టమొదట వచ్చిన కంప్యూటరు సామానుల గదిలో విరిగిన బల్లల వెనుక నేటికీ ఉన్నది. అది ఎక్స్‌టీ తరగతి యంత్రము. 20 మెగాబైట్ల హార్డుడిస్కు కలది. ఆనాటి అధ్యాపకులొకరు బేసిక్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసి, అయిదేండ్ల విద్యార్థుల వివరములను అందులో పొందుపరచి యుండిరి. ప్రయోగశాలలో ముప్పది యేండ్లుగా పనిచేసి, విద్యార్థులందరిచేత ‘చాచా’ అని పిలిపించుకొను మన అటెండరుగారు దుమ్ము దులిపి దానిని బల్లపై పెట్టినారు. స్విచ్చి వేయగా పంకా తిరిగినది, ఒక చిన్న కూత వినిపించినది. మానిటరు మాత్రము వెలుగలేదు.

ఆ యంత్రముచేత మాటాడించిన విధమే ఈ వ్యాస విషయము. ద్వితీయ సంవత్సర విద్యార్థులు నలుగురు ఈ పనిలో నాకు తోడ్పడినారు. వారు చేసిన తప్పులను, నేను చేసిన తప్పులను కూడ దాచక వ్రాయుచున్నాను; తరువాతివారికి ఉపయోగపడునవి అవే.

మొదట ఒక సందేహమును తీర్చవలెను. డిస్కును ఊడదీసి నేటి కంప్యూటరుకు తగిలించరాదా యని పలువురు అడిగిరి. ఆ కాలపు డిస్కునకు రెండు వెడల్పాటి పట్టీ తీగలుండును. వాటిని అందుకొను చోటు నేటి మదర్‌బోర్డుపై లేదు. అయిదుంబావు అంగుళముల ఫ్లాపీలోనికి ఎక్కించి తీయుదమన్న, దానిని చదువు పెట్టె మన ల్యాపుటాపులకు లేదు. మరొక రంగు మానిటరు తెచ్చి పెట్టుదమన్న, ఆ పాత కార్డు పంపు సంకేతము వేరు, నేటి తెర ఆశించునది వేరు. అయితే ఆ పెట్టె వెనుక 25 ముండ్ల కనెక్టరు ఒకటి ఉన్నది. అది సీరియల్ పోర్టు. ఆ పోర్టు భాష నేటికీ మారలేదు. ఆరు దశాబ్దములుగా మార్పు లేక నిలిచిన మార్గము కంప్యూటరు లోకములో మరియొకటి అరుదు.

ఈ మార్గము కంప్యూటరుకన్న పాతది. పూర్వము తంతి కార్యాలయములలో టెలిప్రింటర్లు ఉండెడివి. (మన దేశములో తంతి సేవ 2013 జూలైలో ముగిసినది, నేటి విద్యార్థులలో టెలిగ్రాము అందుకొన్నవారు ఉండరు.) ఒక అక్షరమును పంపుటకు ముందు ‘ఇదిగో వచ్చుచున్నాను’ అని ఒక స్పందన, పిదప అక్షరపు స్పందనలు, కడపట విరామము. ఆరంభ బిట్టు, ఎనిమిది దత్తాంశ బిట్లు, విరామ బిట్టు అని నేడు మనము పాఠములో చెప్పుకొనునది ఆ పద్ధతియే. 1960లో అమెరికాలో ఆర్‌ఎస్-232 అను పేరుతో దీనికి విద్యుత్ ప్రమాణము ఏర్పడినది. 1969లో వెలువడిన దాని మూడవ సవరణమే పర్సనల్ కంప్యూటర్లన్నింటికి ఆధారమైనది. తీగపై ధన 3 నుండి ధన 15 వోల్టుల వరకు ఉన్న సున్న. ఋణ 3 నుండి ఋణ 15 వరకు ఉన్న ఒకటి. ఏమియు పంపనపుడు తీగ ఋణ వోల్టేజిలో నిలిచి యుండును. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుడు. దానితో తరువాత పని కలదు.

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, మన తెలుగునేలపై కంప్యూటరు నిర్మాణమునకు తొలి నిలయము. దానికి ఆద్యులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు ఏ. ఎస్. రావుగారు. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 యంత్రము 1969లో వెలుగు చూచినది. 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316 వచ్చినవి. పేరులోని 12, 16 అను అంకెలు యంత్రము ఒకేసారి పట్టుకొను బిట్ల సంఖ్యను తెలుపును. ఆ కాలపు చిన్న కంప్యూటర్లతో మనుష్యులు టెలిటైపు యంత్రముద్వారా సంభాషించెడివారు. అది సెకనుకు 10 అక్షరములు మాత్రమే, పెద్ద చప్పుడుతో, కాగితముపై కొట్టెడిది. నిదానమని దానిని ఎగతాళి చేయుదురు గాని, అందొక గొప్ప లాభము ఉండెను. యంత్రము పలికిన ప్రతి మాటయు కాగితముపై నిలిచెడిది. మధ్యలో యంత్రము ఆగిపోయిన, చివరి పంక్తి ఎదుటనే ఉండెడిది. గాజు తెర వచ్చిన తరువాత వేగము పెరిగినది, సాక్ష్యము పోయినది. 25 పంక్తులు దాటగానే పై పంక్తి కనుమరుగు. యంత్రము ఆగిన, తెర నల్లబడిన, అన్నియు కనుమరుగే. రెండు కంప్యూటర్లను తీగతో కలిపి, ఒకటి పలుకునది మరొకటి వ్రాసికొనునట్లు చేయుట ఆ పోయిన కాగితమును తిరిగి తెచ్చుకొనుటయే.

తెర లేకున్న, యంత్రము పలికిన దానిని దాని డిస్కులోనే ఒక ఫైలుగా వ్రాయించరాదా? ఇదియు మంచి ప్రశ్నయే. డాస్ పద్ధతిలో ఫైలును మూయువరకు దాని పొడవు డిస్కులోని పట్టికలో చేరదు. మధ్యలో యంత్రము నిలిచిపోయెనా, తిరిగి చూచునప్పటికి ఆ ఫైలు పొడవు సున్నగా కనిపించును. ఏ క్షణము సంగతి మనకు కావలెనో ఆ క్షణము సంగతియే అందులో ఉండదు. తీగమీద వెళ్ళిన అక్షరము అట్లు కాదు. వెళ్ళినది వెళ్ళినట్లే అవతలి యంత్రములో చేరి యుండును.

ఇక తీగ సంగతి. మా ల్యాపుటాపుకు సీరియల్ పోర్టు లేదు గనుక యూఎస్‌బీకి తగిలించు మార్పిడి తీగ ఒకటి చెన్నై రిచీ వీధినుండి తెప్పించితిమి. దాని కొసన 9 ముండ్ల కనెక్టరు ఉన్నది. పాత యంత్రమునకు 25. నడుమ కేబులును మేమే సోల్డరు చేయవలెను. ఇచ్చట విద్యార్థులు మొదటి తప్పు చేసిరి. పాఠ్యపుస్తకములో ‘రెండును మూడును మార్చి కలుపవలెను’ అని ఉన్నది. ఒకని నోరు మరొకని చెవికి చేరవలెను గదా, అందుచే మార్పు. పిల్లలు ఆ సూత్రమును కంఠస్థము చేసి, 25 లోని 2ను 9 లోని 3కును, 25 లోని 3ను 9 లోని 2కును కలిపిరి. ఏమియు రాలేదు.

కారణమేమనగా, 25 ముండ్ల కనెక్టరులో 2వది పంపునది, 3వది అందుకొనునది. 1984లో ఏటీ యంత్రముతోపాటు వచ్చిన 9 ముండ్ల కనెక్టరులో 2వది అందుకొనునది, 3వది పంపునది. అనగా అంకెలు ముందే తారుమారై ఉన్నవి. ఆ రెండింటిని కలుపునపుడు 2ను 2కే, 3ను 3కే కలుపవలెను. భూమి తీగకు 25 లోని 7ను 9 లోని 5కు. సూత్రమును అంకెలతో గాక అర్థముతో గుర్తుంచుకొన్నవారికి ఈ చిక్కు రాదు. అంకెలను కూడ నమ్మనవసరము లేదు. మల్టీమీటరు నల్ల ముల్లును భూమి పిన్నుపై ఉంచి, ఎర్ర ముల్లుతో 2, 3 పిన్నులను తాకి చూడుడు. ఊరకున్నపుడు తీగ ఋణ వోల్టేజిలో ఉండునని చెప్పితిని. ఏది ఋణ 10 వోల్టుల చుట్టు చూపునో అదియే పంపునది. అందుకొను పిన్ను దాదాపు సున్న చూపును. ఈ పరీక్ష నిమిషములో ముగియును. మేము దానిని మొదటనే చేయక ఒక దినము పోగొట్టుకొంటిమి.

మరునాడు తీగలు సరిచేసితిమి. ఇక తెర లేని యంత్రమునకు గ్రుడ్డిగా ఆజ్ఞలు టైపు చేయవలెను. ఇందుకు ఆ కాలపు అలవాటు అక్కరకు వచ్చినది. ఒకే ఒక చిన్న కూత వినిపించినదనగా ఆరంభ పరీక్షలో దోషము లేదని అర్థము. తెర కార్డు చెడి యుండిన ఒక దీర్ఘము, రెండు హ్రస్వములు వినిపించి యుండెడివి. కాబట్టి రోగము మానిటరుదే. ఆ యంత్రమునకు గడియారము లేదు. వెలిగిన వెంటనే తేదీని, పిమ్మట సమయమును అడుగును. అందుచే మొదట ఎంటరు మీటను రెండు మార్లు నొక్కవలెను. తరువాత ‘మోడ్ కామ్1:96,ఎన్,8,1’ అని టైపు చేయగా డిస్కు దీపము మినుకుమన్నది. ఆజ్ఞ చేరినదని అదియే గుర్తు. దీని అర్థము: సెకనుకు 9600 బిట్లు, పారిటీ లేదు, ఎనిమిది బిట్లు, ఒక విరామ బిట్టు. ఒక్కొక్క అక్షరమునకు ఆరంభ, విరామములతో కలిపి 10 బిట్లు గనుక సెకనుకు 960 అక్షరములు పోవును. పిమ్మట ‘సీటీటీవై కామ్1’ అను ఆజ్ఞ. ఇది తెరను, కీబోర్డును ప్రక్కకు నెట్టి, ఇకపై నా యజమాని ఆ తీగ చివర ఉన్నాడని డాస్‌కు చెప్పు మాట.

అయినను ల్యాపుటాపు తెరపై ఒక్క అక్షరము రాలేదు. ఈ తప్పు నాది. పంపునది, అందుకొనునది, భూమి అను మూడు తీగలు చాలునని నేను పిల్లలకు ఘంటాపథముగా చెప్పి యుంటిని. సూత్రరీత్యా అది నిజము. కాని ఐబీఎం పీసీ వంశపు యంత్రములలో బయోస్ అను మూల ప్రోగ్రాము, అక్షరమును పంపుటకు ముందు అవతలివారు సిద్ధముగా ఉన్నారా యని మరి రెండు పిన్నులను చూచును. ఆ సమ్మతి రాకున్న కొంతసేపు వేచి, పంపక విరమించును. పాతకాలపు మర్యాద! మోడెము ఉన్న దినములలో ఆ మర్యాదకు అర్థము ఉండెను. ఇప్పుడు అవతల మోడెము లేదు. కాబట్టి యంత్రమునకు దాని సమ్మతిని దానిచేతనే ఇప్పించవలెను. 25 ముండ్ల కనెక్టరులోపలనే 4ను 5తో ఒక ముక్క తీగతో కలిపి, 6, 8, 20 పిన్నులను మూడింటిని ఒకటిగా ముడివేసితిమి. దూరము పోవు తీగలు ఇప్పటికీ మూడే.

ఈసారి అక్షరములు వచ్చినవి. అన్నియు చెత్త. పిల్లల ముఖములు వాడినవి గాని, నాకు సంతోషమైనది. చెత్త వచ్చినదనగా తీగ మంచిదని అర్థము. రెండు వైపుల వేగములు కుదరలేదు, అంతే. ల్యాపుటాపులోని పుట్టీ అను ప్రోగ్రాములో వేగమును 9600కు దించి ఎంటరు నొక్కగా, ముప్పది యేండ్లు మూగగా ఉన్న యంత్రము ‘సీ’ అను అక్షరమును, ఒక బాణపు గుర్తును పంపినది. చాచాగారు “బోలా!” అని చప్పట్లు కొట్టినారు.

మొదట చేయవలసిన పని, పుట్టీలో వచ్చిన ప్రతి అక్షరమును ఫైలులో వ్రాయు ఏర్పాటును ఆన్ చేయుట. అది మరచి గంటసేపు పనిచేసి, తరువాత విచారించినవారిని నేను ఎరుగుదును.

విద్యార్థుల వివరములున్న ఫైలును నేరుగా ‘టైప్’ ఆజ్ఞతో పంపించితిమి. 25 మంది పేర్లు చక్కగా వచ్చినవి. 26వ మనిషి వద్ద ఆగినది. మరల చేసితిమి, మరల 26. డిస్కు చెడినదని ఒక విద్యార్థి తీర్మానించినాడు. మరొక విద్యార్థిని మాత్రము, “26 అంటే డాస్‌లో ఫైలు ముగింపు గుర్తు కదా సార్?” అని అడిగినది. ఆ అమ్మాయి ప్రశ్నయే జవాబు. బేసిక్ ప్రోగ్రాము వరుస సంఖ్యను అంకెలుగా గాక రెండు బైట్ల సంఖ్యగా నిలువచేసినది. 26వ వరుసలో ఆ బైటు విలువ 26. దానిని చూచి ‘టైప్’ ఆజ్ఞ ఫైలు ముగిసినదని భ్రమించినది. డిస్కు తప్పు ఏమియు లేదు.

కాబట్టి పాత బేసిక్ ప్రోగ్రామునే నడుపవలెను. అది మొదటినుండి వరుసగా చదువుచు పోవునదే గాని కోరిన సంఖ్యకు నేరుగా పోవునది కాదు. పైగా తెరపై వ్రాయునది. బేసిక్ తెరకు నేరుగా వ్రాయును గనుక సీటీటీవై దానిని మళ్ళించలేదు. నడిపి చూడగా డిస్కు దీపము కొంతసేపు వెలిగి ఆరిపోయినది. తీగపై ఏమియు లేదు. ఏదో దోష వాక్యమును అది చీకటి తెరపై వ్రాసికొని యుండును. మాకు చూచు మార్గము లేదు.

ఇచ్చట ప్రోగ్రాముచేతనే దాని నడకను చెప్పించు పద్ధతిని ప్రయోగించితిమి. ప్రోగ్రామును అక్షర రూపములో మరొక పేరుతో దాచి, డాస్‌తో వచ్చు ‘ఎడ్‌లిన్’ సాధనముతో నాలుగు పంక్తులు చేర్చితిమి. మొదటి పంక్తి సీరియల్ పోర్టును ఫైలువలె తెరచును. రెండవది ప్రతి రికార్డును చదువుటకు ముందు దాని సంఖ్యను పోర్టునకు పంపును. మూడవది చదివిన పిమ్మట అందలి వివరములను పంపును. నాలుగవది, ఏ దోషము వచ్చినను ఆగక, దోష సంఖ్యను, అది జరిగిన పంక్తి సంఖ్యను పంపును. ఈ పంక్తులను ల్యాపుటాపునుండి ఒక్కసారిగా అతికించి పంపగా అక్షరములు రాలిపోయినవి. ఆ పాత యంత్రములోని 8250 చిప్పు ఒక్క అక్షరమునే పట్టుకొనగలదు. వేయింట ఒక సెకనులో దానిని తీసికొనకున్న, వెనుక వచ్చు అక్షరము దానిని త్రోసివేయును. కాబట్టి చేతితో నిదానముగా టైపు చేసితిమి.

చదువుటకు ముందు సంఖ్యను పంపవలెనని ఎందుకు పట్టుబట్టితిననగా, చదివిన తరువాత మాత్రమే పంపినచో చివరి గెలుపు తెలియును గాని, ఏ అడుగులో కాలు జారెనో తెలియదు. ముందొక గుర్తు, వెనుకొక గుర్తు. ముందు గుర్తు వచ్చి వెనుక గుర్తు రానిచోటనే దొంగ దాగి ఉండును.

ల్యాపుటాపులో 1, 2, 3 అని వరుసగా సంఖ్యలు, పేర్లు రాసాగినవి. 312 వచ్చినది, దాని వివరములు వచ్చినవి. 313 అని సంఖ్య వచ్చినది. డిస్కు గరగర శబ్దము చేసినది. పిదప 72 అని వచ్చినది. బేసిక్ దోషముల పట్టికలో 72 అనగా డిస్కు మాధ్యమములో దోషము. మరి రెండు మార్లు నడిపితిమి. ప్రతిసారి 313 వద్దనే. ఇది ముఖ్యమైన సంగతి. ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట ఆగిన, వేడిమినో, విద్యుత్ సరఫరానో, జ్ఞాపకశక్తి చిప్పునో అనుమానింపవలెను. ఎన్నిసార్లు చేసినను ఒకేచోట ఆగిన, ఆ చోటునే అనుమానింపవలెను. మూడు పరుగుల లిఖితము ప్రక్కప్రక్కన పెట్టి చూచుటచే మాత్రమే ఇది తెలిసినది. జ్ఞాపకముపై ఆధారపడిన తెలియదు.

తరువాతిది లెక్క. రికార్డు ఒక్కింటికి 128 బైట్లు. డిస్కుపై ఒక సెక్టారు 512 బైట్లు. అనగా నాలుగు రికార్డులు. 312ను 4చే భాగించగా శేషము లేదు. కాబట్టి 313 నుండి 316 వరకు ఒకే సెక్టారులో ఉన్నవి, చెడినది ఆ సెక్టారే, 317 బాగుండవలెను. దోషము వచ్చినపుడు తరువాతి రికార్డునకు పొమ్మని ప్రోగ్రామును మార్చి నడుపగా 313, 314, 315, 316 నాలుగింటికి 72 వచ్చి, 317 పేరుతో సహా వచ్చినది. అక్కడినుండి 1146 వరకు ఆగలేదు. తీగ వేగమును బట్టి అంతయు రెండున్నర నిమిషములలో రావలెను. బేసిక్ నిదానముచే ఏడు నిమిషములు పట్టినది. 587వ రికార్డులో మన పూర్వ విద్యార్థిని పేరు, ఆమె తండ్రిగారి పేరు, పుట్టినతేదీ ఉన్నవి. ఆ సాయంత్రమే ప్రిన్సిపాలుగారు దానిని పరిశీలించి, అంటుకొనిన రిజిస్టరులో ఆ పుట అంచున చదువనైన రెండు పంక్తులతో పోల్చి, సర్టిఫికెటుపై సంతకము చేసినారు.

ఆ జాబితా చూచుచుండగా మరొక సంగతి కంటబడినది. పేర్లన్నియు ఆంగ్ల లిపిలోనే ఉన్నవి. ఉర్దూ, తెలుగు రెండును బోధించు కళాశాలలో ఆ యంత్రమునకు రెండును రావు. ఒకే ఇంటి అన్నదమ్ముల ఇంటిపేరు ఒకచోట ఒకరీతిగా, మరొకచోట మరొకరీతిగా ఉన్నది; టైపు చేసినవారి చెవికి తోచినట్లు వ్రాసినారు. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అను ప్రమాణము వచ్చినది. తెలుగు అక్షరములకు ఎనిమిదవ బిట్టు వెలిగిన పై సగములో చోటు దొరికినది. ఉర్దూ లిపి అందులో చేరలేదు. ఇస్కీలో వ్రాసిన తెలుగును ఏడు బిట్ల తీగపై పంపితిరా, ఎనిమిదవ బిట్టు రాలిపోయి తెలుగంతయు అర్థములేని ఆంగ్లాక్షరములగును. నేటి యూనికోడ్ యుటీఎఫ్-8 రూపములో తెలుగు సంకేతమునకు మూడు బైట్లు, ఉర్దూ సంకేతమునకు రెండు. అవియు ఎనిమిది బిట్లు అడుగునవే. కాబట్టి మన భాషలను తీగపై పంపువారు ‘పారిటీ లేదు, ఎనిమిది బిట్లు’ అను మాటను మరువరాదు.

ఈ పద్ధతి పాత యంత్రములకే పరిమితమని తలచవద్దు. తిరుపతినుండి చిత్తూరు పోవు దారిలో గాదంకి వద్ద 1024 ఏంటెన్నాలతో నెలకొన్న ఎంఎస్‌టీ రాడారును 1990 దశకములో నడిపినది పీసీ-ఏటీ తరగతి యంత్రమే. ఏ ప్రయోగము ఎట్లు జరుగవలెనో ఒక ఫైలులో వ్రాసి ఇచ్చిన, ఆ యంత్రము రాడారునంతటిని ఆ ప్రకారము నడిపెడిది. లినక్సు పద్ధతిలో నేటికిని ఆరంభ వాక్యములన్నింటిని సీరియల్ తీగకు పంపు ఏర్పాటు కలదు. తెర వెలుగక ముందే ఆగిపోవు యంత్రమునకు అంతకన్న మంచి మందు లేదు. శ్రీసిటీలో 2015 నుండి సెల్‌ఫోన్లు తయారగుచున్నవి. రేణిగుంట ప్రాంతమున టెలివిజన్లు, ఫోన్లు కూర్చు కర్మాగారములు వచ్చినవి. అచ్చట ఉద్యోగములకు పోవు మన విద్యార్థులు బోర్డులపై మూడు నాలుగు చిన్న లోహపు చుక్కలను చూతురు. అవియు ఈ పంపునది, అందుకొనునది, భూమియే. కాని ఒక హెచ్చరిక: ఆ బోర్డులు సాధారణముగా 3.3 వోల్టులతో, మరికొన్ని అంతకన్న తక్కువతో మాటాడును. మన పాత పోర్టు 10, 12 వోల్టులతో, అదియు ఋణ దిశలో కూడ మాటాడును. నేరుగా కలిపిన బోర్డు అక్కడికక్కడే చచ్చును. నడుమ వోల్టేజి మార్చు చిప్పు ఉండవలెను.

మరొక హెచ్చరిక పాఠశాలలవారికి. 1984లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన క్లాస్ అను కంప్యూటరు అక్షరాస్యతా పథకముక్రింద కొన్ని ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రములు వచ్చినవి. ఎక్కడైన అటకపై ఒకటి మిగిలి యున్నచో దయచేసి తూకమునకు వేయకుడు. దాని వెనుక అయిదు రంధ్రముల గుండ్రని సాకెట్టు ఉండును. అది సీరియల్ పోర్టు. అందలి ప్లగ్గు తలక్రిందులుగా కూడ దూరును. ఏమియు రాకున్న యంత్రమును నిందించుటకు ముందు ప్లగ్గును త్రిప్పి చూడుడు.

తీగ కలుపునపుడు రెండు యంత్రములను ఆపి యుంచుట, ల్యాపుటాపును బ్యాటరీపై నడుపుట మంచిది. వేర్వేరు గదుల విద్యుత్తుపై ఉన్న రెండు పెట్టెల భూమి తీగల నడుమ ఎంత తేడా ఉండునో ముందుగా చెప్పలేము. మానిటరు మూత మాత్రము ఎవ్వరును విప్పరాదు. ఆపిన తరువాత కూడ అందలి గొట్టములో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి యుండును.

కమిటీవారికి ఒక విన్నపము. రక్షించిన 1142 రికార్డులను ముద్రించి, రెండు ప్రతులు కట్టించి, ఒకటి కార్యాలయమునందు, ఒకటి గ్రంథాలయమునందు పై అరలో ఉంచితిమి. 313 నుండి 316 వరకు నాలుగు పంక్తులు ఖాళీగా ఉన్నవి. చలి ఉదయములలో, యంత్రము వేడెక్కక ముందు, ఆ సెక్టారును వందల మార్లు చదివించి చూచితిమి, ప్రతిసారి 72. 312వ విద్యార్థి చేరినది 1989 జూలై 3వ తేదీ, 317వ విద్యార్థి చేరినది జూలై 5వ తేదీ. కాబట్టి ఆ నలుగురును ఈ మూడు దినములలో చేరినవారే. వారు ఎవరో మాకు తెలియదు. ఆ సంవత్సరపు ఫీజు రసీదుగాని, గుర్తింపు కార్డుగాని, తరగతి ఛాయాచిత్రము వెనుక వ్రాసిన పేర్లుగాని ఎవరియొద్దనైన ఉన్నచో కార్యాలయములో చూపవలసినదిగా ప్రార్థన. ప్రతి తీసికొని వెంటనే తిరిగి ఇచ్చెదము.